ఫలస్తీన్ కురుమూర్తి చివరి మడి

మా తమ్ముడు కురుమూర్తి అబద్ధాలు ఆడేవాడు కాదు. నిజాన్ని మాత్రం చప్పగా ఎన్నడూ చెప్పలేదు. దానికింత ఉప్పూ కారం తగిలించి, పోపు పెట్టి గానీ నోట్లోంచి బయటికి వదిలేవాడు కాదు. జర్మనీ లడాయిలో ఇంగ్లీషు పటాలానికి రోడ్లు వేసే కూలీగా ఓడెక్కి పోయి, లడాయి ముగిశాక ఖాకీ నిక్కరుతో ఊళ్ళో దిగిన రోజు మా వాకిలి జాతరైపోయింది. ఎక్కడికి పోయొచ్చావని అందరూ అడగడం, ఫలస్తీన్ అని వాడు గొంతు సవరించుకుని చెప్పడం. ఆ ఊరికి కర్నూలు మీదుగా పోవాలా అని పక్కింటి పెంటమ్మ అడిగింది. అవును, కర్నూలు దాటాక ఇంకొంచెం దూరం అన్నాడు వీడు. ఆ రోజు నుంచి వాడి పేరు ఫలస్తీన్ కురుమూర్తి.

నేను రామేశ్వరమ్మను, వాడి అక్కను. నా నోరు మంచిది కాదని రెండు ఊళ్ళవాళ్ళూ అంటారు. అననీ. నోరు మంచిదైతే ఊరు మంచిదని చెప్పిన పెద్దలు మా ఊళ్ళు చూసి ఉండరు.

రెండు ఊళ్ళంటే పెద్దమందడి దిక్కున ఒకే చెరువు కింద బతికే మీదిపల్లి, కిందిపల్లి. వనపర్తి సంస్థానంలోవి. చెరువు కట్టకు ఆనుకుని మీదిపల్లి పొలాలు, వాటిని దాటి కాలువ పోతే కిందిపల్లి పొలాలు. తూము ఒక్కటే, కాలువ ఒక్కటే, తగాదాలకు మాత్రం కొదవ లేదు. నేను మీదిపల్లిలో పుట్టి కిందిపల్లిలో మెట్టాను కాబట్టి రెండు వైపులవాళ్ళనూ తిట్టే హక్కు నాకుంది.

మాది నీరటి ఇల్లు. తూము తీసి, మూసి, ఎవరి మడికి ఎంత నీళ్ళు పోవాలో అంత పారించేవాడు నీరటి. మా తాత చేశాడు, తరవాత మా నాయన నాగన్న చేశాడు. ఆ పనికి మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. నీరటికి ఊరు ఇచ్చే మడి కాలువకు చిట్టచివర ఉంటుంది. అందరి మళ్ళూ తడిసి, నీళ్ళు అక్కడిదాకా చేరితేనే నీరటి ఇంట్లో అన్నం ఉడికేది. పైన ఎవడికో మొహమాటపడి ఎక్కువ వదిలినా, ఎవడో దొంగచాటుగా కొట్టిన గండిని చూసీ చూడనట్టు పోయినా ముందు ఎండేది నీరటి కడుపే. ఈ కట్టుబాటు పెట్టిన ముసలాయన ఎవరో గానీ గట్టి పిండం. చిన్నప్పుడు మేము ఆయన్ను తిట్టని తిట్టు లేదు.

ఒక ఏడు వానల్లేక మా మడి నెర్రెలిచ్చింది. ఇంటిల్లిపాదీ అంబలి తాగి పడుకున్నాం. చచ్చినా ఈ చివరి మడి మొహం చూడనని చెప్పి కురుమూర్తి ఇల్లు విడిచాడు. పటాలంలో చేరింది అందుకే. ఇంగ్లీషు రాజు మీద ప్రేమతో కాదు.

తిరిగొచ్చాక వాడికి అక్క మీద ప్రేమ పొంగిపొర్లింది. రోజు మార్చి రోజు కిందిపల్లికి వచ్చి మా అరుగు మీద కూర్చునేవాడు. నేను చేసే జొన్నరొట్టె విరవడానికి సుత్తె కావాలని నా మొగుడే అంటాడు. దానికోసం ఎవడైనా అంతదూరం నడిచొస్తాడా? వాడు వచ్చింది మా ఆడబిడ్డ అలివేలు కోసం. ఆ పిల్ల నవ్వడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. చాటలో బియ్యం చెరుగుతూ ఫలస్తీన్ కథ చెప్పమని అడిగేది. వీడు ఇక చూడు, రెక్కలు లేవు గానీ ఎగిరిపోయేవాడే.

వాళ్ళ పటాలం హైఫా అనే రేవు పట్నం దగ్గర రోడ్డు వేసిందట. రోడ్డుకు ఇవతల ఒక అరబ్బు ముసలాయన సంత్రల తోట. ఒంటె గుండ్రంగా తిరుగుతుంటే బావిలోంచి కుండలు కుండలుగా నీళ్ళు పైకి వచ్చేవట. ముసలాయన మావాడిని చెట్టు కింద కూర్చోబెట్టి సంత్రపండు ఒలిచి ఇచ్చేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. హక్ అనే మాట ఒక్కటి మాత్రం ఇద్దరికీ అర్థమైంది, మనం అనే హక్కే అది. రోడ్డుకు అవతల యహూదీల ఊరు. వాళ్ళు ఎత్తు మీద నీళ్ళతొట్టి కట్టి, ఇనుప గొట్టాలు వేసి, ఆడామగా ఒక్కటై రాళ్ళు ఏరి పొలాలు చేసేవాళ్ళు. అక్కడ ఒక ముసలమ్మ మావాడికి చాయ్ పోసేది. తనవాళ్ళనందరినీ జర్మనీవాళ్ళు చంపేశారని చేతులతో చెప్పి, చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం చక్కెర వేసేదట. ఈ నేల మా తాతలదని ముసలాయన. మాకు ఇంకెక్కడా నిలవ నీడ లేదని ముసలమ్మ. ఇద్దరి బావుల్లోకీ ఊరే నీళ్ళు మాత్రం అవే.

ఇంత చెప్పాక అలివేలు చాట పక్కన పెట్టి, "అయితే నువ్వు రెండు దిక్కులా తినొచ్చినవన్నట్టు బావా" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. అప్పుడే నాకు తెలిసిపోయింది, ఇక ఈ పెళ్ళి చేయకపోతే వీళ్ళిద్దరితో వేగలేమని.

అడ్డం పడింది మా మామ తిరుపతయ్య. మనిషి చెడ్డవాడు కాదు, మొండివాడు. తూము కింద మడి ఉన్నవాడికే పిల్లనిస్తానన్నాడు. చివరి మడి ఇంటి పిల్లను ఒకదాన్ని కోడలిగా తెచ్చుకుని చాలినంత చూశానని కూడా అన్నాడు, నా ఎదుటే, నేను వడ్డించిన పప్పు కలుపుకుంటూ. ఆ పూట ఆయనకు రెండోసారి పప్పు పడలేదు.

ఆ ఏడు వానలు మళ్ళీ మొహం చాటేశాయి. దీపావళి దాటేసరికి చెరువు సగానికే ఉంది. ఎండాకాలం కోసే వరిని మేము తాబి అంటాం. ఆ తాబి నాట్లకు నీళ్ళు చాలవని రెండు ఊళ్ళకూ తెలిసిపోయింది. ఇలాంటి ఏడు కోసం దామాషా అనే పాత పద్ధతి ఒకటి ఉండేది. ఉన్న నీళ్ళకు ఎంత నేల పారుతుందో అంతే నేలను, తూము దగ్గరిదాన్నే, అందరూ తమ పాలు ప్రకారం పంచుకుని ఆ ఒక్క పంట పండించుకోవడం. ఆ నేల ఎవరిదైనా సరే. అయితే ఎప్పుడో ఒక దామాషాలో కిందిపల్లివాళ్ళు తమ గట్లు చెరిపేశారని మీదిపల్లివాళ్ళూ, మీదిపల్లివాళ్ళు తమను వరిగడ్డి కూడా ఎత్తుకోనివ్వలేదని కిందిపల్లివాళ్ళూ మూతులు ముడుచుకుని, దాన్ని అటకెక్కించారు. ఇప్పుడు ఒకళ్ళు తూముకు రాళ్ళు అడ్డం వేస్తే ఇంకొకళ్ళు తెల్లారి తీసేస్తున్నారు.

అప్పుడే కిందిపల్లి పెద్దమనిషి జోగయ్య వనపర్తి పోయి, హోటల్లో చాయ్ తాగుతూ ఉర్దూ పత్రిక చదివించుకుని వచ్చాడు. అమెరికాలో దేశదేశాల పెద్దలు కూడి ఫలస్తీన్‌ను రెండు రాజ్యాలుగా పంచాలని తీర్మానం చేశారట. అదే రోజున మన నిజాం సర్కారూ ఢిల్లీ సర్కారూ ఒక ఏడాదిదాకా ఎక్కడివాళ్ళు అక్కడే ఉందామని సంతకాలు పెట్టుకున్నాయట. మనం ఎవరి కింద ఉంటామో మనకే తెలియదు గానీ, ఫలస్తీన్ సంగతి తేలిపోయిందని జోగయ్యకు ఎక్కడ లేని హుషారు. హోటలువాడిని బతిమాలి పత్రికలోని పటం చింపించుకుని జేబులో పెట్టుకొచ్చాడు.

దాంతో రెండు ఊళ్ళకూ ఒకేసారి బుద్ధి పుట్టింది. అంత పెద్ద దేశాన్నే పంచుతుంటే ఇంత చెరువు పంచలేమా? మధ్యలో ఒక కట్ట వేసి, ఎవరి సగం వాళ్ళకు ఇచ్చేస్తే పీడ పోతుంది. పంచేది ఎవరు? ఇంకెవరు, ఆ దేశం కళ్ళారా చూసినవాడు మన ఊళ్ళోనే ఉండగా. మా నాయన మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడం లేదు, ఆయన్ను అడిగినవాళ్ళూ లేరు. అందరూ కురుమూర్తి ఇంటికి వచ్చారు. రోడ్డుకు మట్టి మోసిన నా తమ్ముడు, తానే దొరలను ఎదురుగా కూర్చోబెట్టుకుని సలహాలు ఇచ్చినట్టు తలాడించి, సరే, గీత గీస్తానన్నాడు.

ఆ వారం మేము తిన్న కోళ్ళు మళ్ళీ జన్మలో తినలేదు. మీదిపల్లి పటేలు వెంకటస్వామి ఒక నాటుకోడి పంపి, గీత మావైపు బాగుంటే తూము కింద మొదటి మడి నీదే అని చెవిలో వేయించాడు. మొదటి మడి ఉంటే అలివేలు దొరుకుతుంది. కురుమూర్తి ఎగిరి గంతేశాడు. మర్నాడు మా మామ తిరుపతయ్య ఇంకా పెద్ద కోడిని నాతోనే పంపాడు. గీత కిందిపల్లివైపు బాగుంటే మడితో పనేముంది, పిల్లనే ఇచ్చేస్తానని కబురు. వాడు మళ్ళీ గంతేశాడు, సగంలో ఆగిపోయాడు. మడి కావాలంటే మీదివాళ్ళను మెప్పించాలి. మీదివాళ్ళను మెప్పిస్తే పిల్ల తండ్రికి మండుతుంది. కిందివాళ్ళను మెప్పిస్తే పుట్టిన ఊరు గడప తొక్కనివ్వదు.

"అక్కా, జర పరేషాన్‌లో పడ్డ" అన్నాడు, కోడికాలు చేతిలో పట్టుకుని.

ముందు అది తిను, పరేషాన్ తరవాత పడవచ్చన్నాను.

గీత గీసే రోజు రెండు ఊళ్ళలో పొయ్యి వెలగలేదు. అందరూ చెరువులోనే. నీళ్ళు ఇంకిపోయిన మేర నేల గట్టిపడి ఉంది. ఆడవాళ్ళు పల్లీలు ఉడకబెట్టి కొంగున కట్టుకుని వచ్చారు. కురుమూర్తి నిక్కరు ఉతికి వేసుకుని, సున్నం తట్ట చంకన పెట్టుకుని, పటం చేతిలో పట్టుకుని దిగాడు. ఒక కొస నుంచి ఇంకో కొసకు తిన్నగా గీత లాగాడు. చూడ ముచ్చటగా ఉంది.

చూస్తే ఏముంది, తూము మొత్తం మీదిపల్లికి పోయింది, చెరువులోకి నీళ్ళు తెచ్చే వాగు మొత్తం కిందిపల్లికి వచ్చింది. నీళ్ళొకరివి, నోరొకరిదా అని నాగేంద్రమ్మ అనే ముసలావిడ నిలదీసింది. అందరూ గొల్లుమన్నారు. కురుమూర్తి గీత చెరిపి వంకరగా గీశాడు. ఈసారి లోతు నీళ్ళన్నీ ఒకరివైపు, బురదంతా ఇంకొకరివైపు. మళ్ళీ చెరిపాడు. చివరికి చెమటలు కారుతుండగా పటం విప్పి చూసి, అక్కడ పెద్దలు చేసింది అదేనని, మూడు ముక్కలు వీళ్ళకు, మూడు ముక్కలు వాళ్ళకు, మూలకు మూల తగిలేటట్టు గీసేశాడు. పటంలో జెరూసలేం ఎవరికీ చెందకుండా నడుమ ఉంది. అలాగే మన తూము కూడా ఎవరిదీ కాదని ప్రకటించాడు.

"ఎవలదీ కాని తూమును తీసేదెవలు?" అని అడిగింది అలివేలు, నోట్లో పల్లీ వేసుకుంటూ.

వాడు పటాన్ని తలకిందులు చేసి చూశాడు. ఆ లోపల జోగయ్య బర్రె తీరిగ్గా నడిచొచ్చి, నాలుగు ముక్కలు కలిసే మూల మీద కాళ్ళు ముడుచుకుని పడుకుంది. తల ఒక రాజ్యంలో, తోక ఇంకో రాజ్యంలో. జనం కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు. నేను నవ్వీ నవ్వీ కూలబడ్డాను, నా చీరంతా సున్నం.

ఆ నవ్వులోనే మా నాయన వచ్చాడు. నా మొగుడు హన్మంతు ఆయన్ను వీపున మోసుకొచ్చి కట్ట మీద కూర్చోబెట్టాడు. ఆయన ఆ గీతలన్నిటినీ మెల్లగా చూశాడు.

"కురుమూర్తీ, ఈ గీత గీసినోని మడి ఏడుంది?" అని అడిగాడు.

తూము కింద మొదటి మడి వాడికి చూపించిన సంగతి వెంకటస్వామికి తెలుసు, పిల్లను చూపించిన సంగతి మా మామకు తెలుసు. ఇద్దరూ బర్రె వైపు చూడటం మొదలుపెట్టారు. కురుమూర్తి పటం వైపు చూశాడు. తరవాత నాతో చెప్పాడు, వాడికి అప్పుడు హైఫాలో చూసిన దొరలు గుర్తుకొచ్చారట. నేల కొలిచి, కాగితాల మీద గుర్తులు పెట్టుకుని, తోలుపెట్టెలు సర్దుకుని ఓడెక్కేవాళ్ళు. వాళ్ళలో ఒక్కడికీ అక్కడ ఒక సంత్ర చెట్టయినా లేదు.

"నాకు మడి లేదు నాయినా. లంచానికొక మడి ఉండె, అది గూడ వద్దు" అని వాడు పటం మడిచి జోగయ్య చేతిలో పెట్టాడు. కాలితో సున్నం చెరిపేశాడు. రెండు ఊళ్ళవైపూ తిరిగి, "చెరువు ముక్కలు గాదు. దామాషా చేద్దం. నీరటి పని నేను జేస్త. నా మడి చివర్ల" అన్నాడు.

ఒక్క దెబ్బకు మడీ పోయింది, పిల్లా పోయింది. నాకు ఏడుపొచ్చింది, గర్వమూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను. అలివేలు ఒళ్ళోని పల్లీలు కింద పడినా చూసుకోలేదు.

ఒప్పుకోవడానికి రెండు ఊళ్ళవాళ్ళూ పొద్దు వాలేదాకా తిట్టుకున్నారు. కానీ నీళ్ళు ఇంకిపోతున్నాయి, నారు ముదిరిపోతోంది, వేరే దారి లేదు. అప్పుడు మా మామ తువ్వాలు దులిపి లేచాడు. మన జనం సంగతి నాకు తెలియదా, ఎవరికి వారు గండ్లు కొట్టుకుంటారు, చివరిదాకా చుక్క పోదు అన్నాడు. అక్కడితో ఆగితే ఆయన తిరుపతయ్య ఎందుకవుతాడు.

"ఆ చివరి మడి తడిసిన్నాడు నా బిడ్డనిస్త, పోండ్రి" అన్నాడు.

ఎగతాళికే అన్నాడు. కానీ రెండు ఊళ్ళు విన్నాయి.

ఇక చూడాలి తమాషా. తరతరాలుగా నీళ్ళు దొంగిలించడంలో ఆరితేరిన జనం, ఒక పెళ్ళి ఆగిపోతుందని చేతులు కట్టుకున్నారు. మీదిపల్లి మళ్ళలో కిందిపల్లివాళ్ళు నాట్లు వేస్తుంటే, ఆ మళ్ళ సొంతదారులే వచ్చి ఎక్కడ పల్లమో, ఎక్కడ ఎలుక బొరియలున్నాయో చూపించారు. పక్కవాడి మడిలోకి ఎప్పుడూ గండి కొట్టే చెన్నయ్య, కాలువ గట్టు మీద కర్ర పట్టుకుని కాపలా కాశాడు. ఎవరైనా పార పట్టుకుని కాలువ దగ్గరికి వస్తే, ఏంది, పిల్ల పెండ్లి చెడగొడతవా అని అడిగేవాడు. నాగేంద్రమ్మ పెళ్ళి పాటలు అప్పుడే అందుకుంది. వెంకటస్వామి కూడా, కోడి పోతే పోయింది, పెళ్ళి భోజనమైనా దక్కనీ అన్నాడు.

నీళ్ళు ఒక్కొక్క మడి దాటుకుంటూ కిందికి వస్తున్నాయి. పుల్లలు వేసి దామాషా నేల పంచుకున్నప్పుడు, ఆ నేలకు చిట్టచివర కురుమూర్తికి వదిలిన మడికి సరిగ్గా పైన ఉన్న మడి ఎవరికి పడిందనుకున్నారు? మా మామకు. ఆ పొద్దున ఆయన మడి నిండింది. నిండినా ఆయన గండి మూయలేదు. తన మడికి అవతలి గట్టు కొంచెం తెంపి, నీళ్ళు బీడులోకి పోయేటట్టు వదిలి, ఏమీ ఎరగనట్టు బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. కింద ఎండిన మడిలో కురుమూర్తి పార మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. అడగలేడు, ఆయన కాబోయే మామ. ఊరుకోలేడు, తాను నీరటి.

కాలువ గట్టంతా జనం.

అలివేలు నాట్ల మధ్య నుంచి లేచి వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. తిన్నగా తన తండ్రి మడి దగ్గరికి నడిచి, కాలువలోంచి ఆయన మడిలోకి నీళ్ళు పోయే గండిలో చీరతో సహా కూర్చుంది. నీళ్ళు ఆమె వీపుకు తగిలి, కాసేపు తడబడి, పక్కకు తిరిగి, చివరి మడి వైపు పారడం మొదలుపెట్టాయి.

మా మామ బీడీ నోట్లోనే ఆరిపోయింది. లెమ్మన్నాడు. లేవనంది. నలుగురూ నవ్వుతున్నారన్నాడు. నవ్వనీ అంది.

"నీ మాట పారుతుంది నాయినా, అడ్డం పడకు" అంది.

ఆయన జనం వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను నా జన్మలో అంత వినయంగా తల వంచుకోలేదు. చివరికి మనిషి లోపలి నుంచి నవ్వు తన్నుకొచ్చింది, మీసాలు అదిరాయి.

"లే బిడ్డా లే. పెండ్లిపిల్లకు పడిశం పడ్తది" అన్నాడు, తానే పార తీసుకుని ఆ గండి పూడుస్తూ.

ఇక ఆ కేకలు, ఆ ఈలలు. నా మొగుడు చెన్నయ్యను ఎత్తుకుని తిప్పాడు. నాగేంద్రమ్మ బురదలో చిందేసింది. ఎవరో మా నాయన్ను మంచంతో సహా మోసుకొస్తుంటే, దించండ్రా, పడేస్తరు అని ఆయన అరుస్తున్నాడు. నీళ్ళు చివరి మడి నెర్రెల్లోకి గుటకలు వేస్తూ దిగాయి. కురుమూర్తి పాదాలు తడిసేదాకా కదల్లేదు. ఆ తరవాత మాత్రం పిచ్చిపట్టినవాడై మడంతా పరుగెత్తాడు. మాఘమాసంలో పెళ్ళయింది. నేను పప్పు వండాను, మా మామ మూడుసార్లు వేయించుకున్నాడు.

ఎండాకాలం కోతలప్పుడు జోగయ్య వనపర్తి నుంచి మళ్ళీ కబురు తెచ్చాడు. ఇంగ్లీషువాళ్ళు ఓడలెక్కి పోయారట, ఫలస్తీన్‌లో లడాయి మొదలైందట, జనం మూటలు కట్టుకుని ఊళ్ళు విడిచి పోతున్నారట. చివరి మడిలో వరి కోస్తున్నాం మేము. కురుమూర్తి కొడవలి ఆపేశాడు.

అలివేలు వరి పన కట్టి లేచి, మొహం తుడుచుకుంటూ అడిగింది.

"బావా, మరి నీ సంత్రల తాతెట్ల? చాయ్ పోసిన అవ్వెట్ల?"

మేమంతా వాడి వైపు తిరిగాం. కర్నూలు దాటాక ఇంకొంచెం దూరం అని చెప్పగలిగిన నోరు అది.

"తెల్వదు" అన్నాడు.

ఉప్పూ కారం లేకుండా వాడు చెప్పగా నేను విన్న మాట అదొక్కటే. అలివేలు వాడి చేతిలోని కొడవలి తీసుకుని, వాడి సాలు కూడా తానే కోసింది.